జడ కత్తిరించుకున్నాక
(కాకినాడలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

నేను ముప్పై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. రెండవ ప్రపంచ యుద్ధం పాఠంలో, జపాను సాయంతో బ్రిటిష్ వాళ్ళ మీద పోరాడిన సుభాస్ చంద్రబోస్ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజు దగ్గరకు వచ్చి, అందులోని ఆడవాళ్ళ దళమైన ఝాన్సీ రాణి దళం పేరెత్తగానే, ఏ సంవత్సరపు పిల్లలైనా అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, వాళ్ళు నిజంగా యుద్ధం చేశారా?" మణిపూర్‌లోని ఇంఫాల్ మీది దాడికి ఆ దళాన్ని పంపలేదని నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అప్పటిదాకా నోట్సు రాసుకుంటున్న చేతులు అక్కడితో ఆగిపోయేవి. పరీక్షకు రాదని కాదు, పేలని తుపాకి గురించి తెలుసుకోవడానికి ఏముందని. వాళ్ళను తప్పుపట్టలేను కాని నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. ఆ దళంలో పనిచేసిన మనిషి నా చిన్నప్పుడు మా ఇంట్లోనే, నా పక్క మంచం మీదే పడుకునేది మరి. ఆవిడ మా అమ్మమ్మ చెల్లెలు, మా అందరికీ చిన్నమ్మమ్మ.

సైన్యంలో ఉన్న ఆడమనిషి రోజు ఎలా తెల్లవారింది, ఏం తిన్నది, ఏం కట్టుకున్నది, ఎక్కడ స్నానం చేసింది, ఎవరి పక్కన పడుకున్నది అన్నవి చరిత్ర పుస్తకంలో చోటు దొరకని సంగతులు. ఇంట్లో పద్దెనిమిదేళ్ళు ఒక పద్ధతిలో చేసిన ప్రతి పనినీ అక్కడ మళ్ళీ మొదటినుంచి మరో పద్ధతిలో నేర్చుకోవాల్సి వచ్చింది. అసలు సైనిక జీవితం అక్కడే ఉన్నదని నాకు అనిపిస్తుంది కాబట్టి ఈ పూట తుపాకిని పక్కన పెట్టి ఆ రోజువారీ సంగతులే మాట్లాడతాను.

ముందు చిన్నమ్మమ్మ పెరిగిన రంగూన్, అంటే అప్పటి బర్మా రాజధాని, మన గోదావరి జిల్లాలకు ఎంత దగ్గరి ఊరో ఈ తరం పిల్లలకు చెప్పాలి. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 ఉప్పెనలో అది దెబ్బతిన్నాక కాకినాడ రేవు పెరిగింది. కోరంగి నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళు కాబట్టి బర్మాలో మనవాళ్ళను "కోరంగీలు" అన్నారు, ఆ మాటలో కొంత ఈసడింపు కూడా ఉండేది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు, అందులో తెలుగువాళ్ళు లక్షకు పైమాటే. బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా మనవాళ్ళే. కూలీలను పోగుచేసి తీసుకువెళ్ళే మేస్త్రీలు ఊరికొకరు ఉండేవారు. మా ముత్తాత అలాంటి మేస్త్రీ. తాళ్ళరేవు వైపు నుంచి వెళ్ళి రంగూన్‌లో స్థిరపడ్డాడు. పెద్ద కూతురిని, అంటే మా అమ్మమ్మను, తీసుకువచ్చి ఇక్కడ మేనమామకు ఇచ్చి పెళ్ళి చేశాడు. 1926లో పుట్టిన చిన్నమ్మమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు మూటలు సర్దుకుని బయలుదేరారు. డబ్బున్నవాళ్ళు ఓడ ఎక్కారు. లేనివాళ్ళు అరకాన్ కొండలూ, మణిపూర్ అడవులూ పట్టి కాలినడకన వచ్చారు, కలరాకు, మలేరియాకు, ఆకలికి దారిలో వేలమంది రాలిపోయారు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. అది జరిగి నెల తిరిగేసరికి, ఏప్రిల్ 6న, ఈ కాకినాడ మీదా విశాఖపట్నం మీదా కూడా బాంబులు పడ్డాయి. ఇక్కడి జనం లోపలి ఊళ్ళకు బళ్ళు కట్టుకుని పోతుంటే, అక్కాచెల్లెళ్ళిద్దరికీ సముద్రానికి చెరో ఒడ్డున ఒకే యుద్ధం ఎదురైంది. మా ముత్తవ్వ నిండు చూలాలు కావడంతో వాళ్ళు రంగూన్ వదలలేకపోయారు. బర్మా నుంచి బియ్యం రావడం, ఉత్తరాలు రావడం రెండూ ఆగిపోయాయి. చెల్లెలు బతికి ఉన్నదో లేదో మా అమ్మమ్మకు నాలుగేళ్ళు తెలియలేదు.

దళం పుట్టుక గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. 1943 జులైలో సింగపూర్‌లో సుభాస్ చంద్రబోస్ ఆడవాళ్ళ దళం కావాలని పిలుపు ఇచ్చాడు. ఆ నెల 12న మహిళల సభలో ఇరవై మంది స్త్రీలు చీరలు కట్టుకుని, చేత రైఫిళ్ళు పట్టుకుని ఆయనకు గౌరవ వందనం చేశారు. వాళ్ళను రెండు మూడు రోజుల్లో తయారుచేసింది మద్రాసులో డాక్టరు చదువు చదివి సింగపూర్‌లో వైద్యం చేస్తున్న లక్ష్మీ స్వామినాథన్. తర్వాత కెప్టెన్ లక్ష్మిగా పేరుపడ్డది ఆవిడే. అక్టోబరు 22న అక్కడ శిక్షణ శిబిరం మొదలైంది. చేరినవారిలో ఎక్కువమంది మలయా రబ్బరు తోటల తమిళ కూలీల కూతుళ్ళు. ఇండియా నేలను ఒక్కసారి కూడా చూడని పిల్లలు ఇండియా కోసం సైన్యంలో చేరారు. దళంలో ఉన్నది వెయ్యిమందని కొందరు, అందులో సగమేనని కొందరు రాస్తారు. 1944లో బోస్ మకాం రంగూన్‌కు మారాక అక్కడ కూడా శిబిరం పెట్టారు. చిన్నమ్మమ్మ చేరింది ఆ శిబిరంలోనే.

చేరాలంటే పెళ్ళికాని పిల్ల తండ్రి చేత, పెళ్ళైనది భర్త చేత సంతకం పెట్టించుకుని రావాలి. దేశం కోసం ప్రాణం ఇస్తానన్న మనిషి కూడా ఇంటి మగవాడి అనుమతి కాగితం తేవాలన్న మాట. మా ముత్తాతకు సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. ఎందుకు వేశాడని నేను అడిగితే చిన్నమ్మమ్మ నవ్వి, "దేశభక్తి కాదే అమ్మాయ్, ఇంట్లో ఏడుగురం తినాలి, అక్కడ రెండుపూటలా అన్నం పెడతారని విన్నాడు" అన్నది. నాకు ఆ జవాబు చాలా ఇష్టం. అన్నం కోసం చేరిన మనిషి ఏడాది తిరిగేసరికి ఏమైందన్నది వేరే సంగతి. చేరిన కారణం, నిలబడిన కారణం ఒకటే కానక్కరలేదు.

చేరిన నెల రోజులకు జడ కత్తిరించుకున్నది. దళంలో చాలామంది జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. అది అందరికీ కచ్చితమైన నియమం అనుకోకండి, జడలున్నవాళ్ళూ ఉన్నారు. చిన్నమ్మమ్మ చెప్పిన కారణం పేలు. కొబ్బరినూనె దొరకదు, కుంకుడుకాయ ఊసే లేదు, పదిమంది తలలు ఆనించి పడుకునే చోట పేలు ఒక తలతో ఆగవు. పక్క మంచం పిల్ల ఆసుపత్రి కత్తెర తెచ్చి, జడను విప్పకుండానే మెడ దగ్గర పట్టుకుని కోసింది. దట్టమైన జడ ఒక్క వేటుకు తెగలేదట, కొబ్బరి మట్ట కోసినట్టు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చింది. తెగిన జడను ఏం చేయాలో తోచక దిండుకింద పెట్టుకుని పడుకున్నదట. సెలవు ఆదివారం ఇంటికి వెళ్తే తల్లి గుమ్మంలోనే కూలబడి శోకాలు పెట్టింది. తాళ్ళరేవు నుంచి వచ్చిన ఆ తల్లికి ఆడదాని తల మీద జుట్టు లేకపోవడానికి తెలిసిన అర్థం ఒకటే, మొగుడు పోవడం. పెళ్ళే కాని పిల్లకు ఆ వాలకం ఏమిటని ఆవిడ ఏడుపు. రైఫిలు పట్టుకుంటున్నావా అని ఆ తల్లి ఒక్కసారి కూడా అడగలేదని చిన్నమ్మమ్మ చెప్పేది.

బట్టల సంగతికి వస్తే, శిక్షణలో ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, టోపీ. పుట్టిన దగ్గర్నుంచి పరికిణీ, ఓణీ తప్ప ఎరగని పిల్లలకు మొదట్లో నడక రాలేదు. ఓణీ లేకుండా బయటికి వచ్చినప్పుడు చేతులు వాటంతట అవే గుండెల మీదికి పోయేవట. చేతులు పక్కకు దించి నిటారుగా నిలబడమని చెప్పే 'సావధాన్' అన్న ఆజ్ఞ మగవాడికి ఒక భంగిమ మాత్రమే. వీళ్ళకు మాత్రం వంచిన మెడను, ముడుచుకున్న భుజాలను విప్పి నలుగురి ముందూ ఛాతీ ఎత్తి నిలబడడం. అది నేర్వడానికి రైఫిలు నేర్చినదానికంటే ఎక్కువ రోజులు పట్టిందని ఆవిడ మాట.

బట్టల ఇబ్బంది వీళ్ళ ఒక్కరిదే కాదు. అదే యుద్ధంలో సోవియట్ సైన్యంలో సుమారు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. ప్లైవుడ్డూ గుడ్డా కలిపి చేసిన పో-2 విమానాల మీద రాత్రిపూట వెళ్ళి జర్మన్ల మీద బాంబులు వేసిన మహిళా రెజిమెంటుకు శత్రువులు 'రాత్రి మంత్రగత్తెలు' అని పేరు పెట్టారు. అంతటివాళ్ళకు కూడా మొదట ఇచ్చినవి మగవాళ్ళ బట్టలు, మగవాళ్ళ బూట్లు. కాలికి పెద్దవైన బూట్లలో చింపిన కాగితాలు కూరుకుని తిరిగారు. సైన్యం ఏ దేశానిదైనా ఆడవాళ్ళను పిలవడం తేలికే, వాళ్ళ పాదాల కొలత తీసుకోవడం ఎందుకో ఎవరికీ గుర్తుండదు. రంగూన్‌లో చిన్నమ్మమ్మ బూటు కూడా పెద్దదే. ఆవిడ అందులో కూరుకున్నది పాత చీర పీలికలు.

పొద్దు పొడవకముందే విజిల్. లేచి, పక్క చుట్టి, ముఖం కడుక్కుని వరసలో నిలబడితే జెండా వందనం, ఆ తర్వాత వ్యాయామం. టీ తాగి మళ్ళీ కవాతు. ఎండ ముదిరాక క్లాసులు. అందరికీ అర్థమయ్యే భాష ఒకటి కావాలి కాబట్టి హిందుస్తానీ నేర్పేవారు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి. తెలుగు చదవడమే రాని మనిషి ఇంగ్లీషు అక్షరాల్లో హిందుస్తానీ నేర్చుకున్నది! సాయంత్రం మళ్ళీ ఆయుధాల శిక్షణ. కొన్ని రాత్రులు వీపున మూట, భుజాన రైఫిలుతో మైళ్ళకొద్దీ నడక. చదువుకున్న ఇళ్ళ నుంచి వచ్చిన అమ్మాయిలు కవాతులో కళ్ళు తిరిగి పడిపోతుంటే, తోట కూలీల పిల్లలు, మిల్లు కూలీల పిల్లలు నిలబడేవారట. "ఊడ్పుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగేవాళ్ళకి గంట నిలబడటం ఓ పనా" అనేది చిన్నమ్మమ్మ. అయితే అదే కూలిపిల్ల క్లాసులో పలక ముందు కూర్చున్నప్పుడు చెమటలు పట్టేవని కూడా తానే చెప్పుకునేది. శిబిరంలో ఒకరికి ఒళ్ళు లొంగేది కాదు, ఇంకొకరికి అక్షరం లొంగేది కాదు, రాత్రిళ్ళు లాంతరు దగ్గర ఒకరి కాళ్ళు ఒకరు పిసికి, ఒకరికి అక్షరాలు ఒకరు దిద్దించుకునేవారు.

రోల్‌కాల్‌లో ఒక తమాషా జరిగింది. పేరు పిలిస్తే 'హాజిర్' అనాలి. మొదటి రోజు చిన్నమ్మమ్మ పేరు పిలవగానే ఆవిడ నోటి నుంచి వచ్చింది మన గోదావరి "ఆయ్". (నవ్వులు) శిక్షకురాలికి అది ఏ భాషో తెలియక, ఎగతాళి చేస్తున్నదనుకుని మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తించింది. పరుగెత్తి వచ్చాక "అర్థమైందా?" అని అడిగితే మళ్ళీ "ఆయ్" అన్నది. ఇంకో రెండు చుట్లు. ఆ తర్వాత అందరూ ఆవిడను ఆ పేరుతోనే పిలిచేవారట. దళంలో ఒక్కొక్కరినీ 'రాణి' అనేవారు కదా, కూలీ మేస్త్రీ కూతురు అలా 'ఆయ్ రాణి' అయింది.

తిండి బాగుండేదని ఎవరూ అనుకోవద్దు. మొదట్లో అన్నం, పప్పు, ఏదో ఒక కూర ఉండేది. 1944 వానాకాలం నాటికి సరుకు పలచబడింది. ఉప్పు, సబ్బు కరువు. ఆవిడ చెప్పిన వాటిలో నేను ముఖ్యమైనదనుకునేది వంట పలచదనం కాదు, అందరిదీ ఒకే పొయ్యి కావడం. ఆజాద్ హింద్ ఫౌజులో కులానికో వంట, మతానికో వంట లేకుండా అందరికీ కలిపి వండేవారు. బ్రిటిష్ వాళ్ళ సైన్యంలో ఏళ్ళ తరబడి వేరువేరు వంటలు సాగాయి కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. ఇంట్లో ఎవరి చేతి నీళ్ళు తాగకూడదో నేర్చుకుని వచ్చిన పిల్ల మొదటి వారం అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయేదట. "ఆకలి నేర్పింది, మనుషులు కాదు" అనేది దాని గురించి.

ఇక్కడ మగవాళ్ళు కొంచెం ఓర్చుకోవాలి, నెలసరి గురించి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు. ఇంట్లో మూడు రోజులు పెరట్లో చాప మీద, వేరే కంచంతో, ఎవరినీ తాకకుండా గడపడం అలవాటైన అమ్మాయికి బ్యారక్‌లో పెరడు ఏది? దూరంగా కూర్చోవడానికి సెలవు అడిగితే పరేడ్‌కు రమ్మన్నారు. ఆ మొదటి నెల జెండా తాడు ముట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఒళ్ళు వణికిందట, జెండాకు మైల సోకుతుందేమోనని. ఏమీ కాలేదు. జెండా పైకి వెళ్ళింది. పాత చీరలు చింపి గుడ్డలు చేసుకునేవారు, సబ్బు లేక బూడిదతో ఉతికేవారు, ఆరేయడానికి మరుగు దొరక్క తడి చొక్కాల కింద దాచి ఆరేసేవారు. చీరలు కట్టడం మానేసిన శిబిరంలో చీరలు చివరికి అందుకు పనికొచ్చాయి. ఇండియాకు వచ్చి పెళ్ళి చేసుకున్నాక అత్తవారింట్లో మళ్ళీ పెరట్లో కూర్చోవాల్సి వచ్చింది. కూర్చున్నది. గొడవ చేయలేదు. నేను పెద్దదాన్నయ్యాక మాత్రం నన్ను పెరట్లో కూర్చోబెట్టబోతే, ఆవిడ వచ్చి ఏమీ మాట్లాడకుండా నా చాప తీసి లోపల తన మంచం పక్కన వేసింది. అమ్మమ్మ కూడా కిమ్మనలేదు.

1944 మార్చి నుంచి జులై దాకా ఇంఫాల్ దాడి నడిచింది. ముందుకు పంపుతారని వీళ్ళంతా మూటలు కట్టుకుని ఎదురుచూశారు. వానలు ముంచెత్తాయి, సరఫరా తెగింది, దాడి విఫలమైంది. గాయపడినవాళ్ళు, అంతకంటే ఎక్కువగా మలేరియాతో, రక్తవిరేచనాలతో కుంగిపోయినవాళ్ళు వెనక్కి రాసాగారు. రాణీల్లో చాలామంది పని అప్పటినుంచి ఆసుపత్రే. చిన్నమ్మమ్మను కూడా ఆసుపత్రి డ్యూటీకే వేశారు. ఆవిడకు జీవితాంతం తీరని కోపం ఒకటుంటే అది దీని మీదే. నేర్పింది ఒకటి, చేయించింది ఒకటి. "మలం ఎత్తడానికి ఖాకీ ఎందుకు, కావిడి చాలు కదా" అని ఒకసారి నోరు జారింది. ఆ మాట అన్నాక చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తానే, "కానీ ఆ కుర్రాళ్ళు చచ్చిపోయేటప్పుడు అమ్మా అని పిలిచేవాళ్ళే, నాకు పద్దెనిమిదేళ్ళు" అన్నది. ఆ వార్డులో బకెట్లు, నీళ్ళు, గుడ్డలు, చిమ్మెటల శబ్దం, మలేరియా మందు క్వినైన్ చాలక సగం సగం చేసి పంచడం, సైరన్ మోగగానే నడవలేనివాళ్ళను ఈడ్చుకుని కందకంలోకి దించడం. ఈ పనిని యుద్ధం కాదనేవాళ్ళు దీనికి ఏం పేరు పెడతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

1945 ఏప్రిల్‌లో బ్రిటిష్ సైన్యం రంగూన్ వైపు దూసుకొస్తుంటే, మలయా నుంచి వచ్చిన రాణీలను వెంటబెట్టుకుని బోస్ 24వ తేదీన బయలుదేరాడు. పగలు విమానాల భయం కాబట్టి చెట్లకింద దాక్కుని, రాత్రిళ్ళు నడిచి, సిట్టాంగ్ నది దాటి, దాదాపు మూడు వారాలకు బ్యాంకాక్ చేరారు. బోస్ కూడా వాళ్ళతో పాటు నడిచాడు, బూట్లలో ఆయన పాదాలు బొబ్బలెక్కాయి. బర్మాలోనే ఇళ్ళున్న అమ్మాయిలను మాత్రం ఇళ్ళకు పంపేశారు. కాబట్టి చిన్నమ్మమ్మ యుద్ధం నడకతో కాదు, ఖాకీ బట్టలు పొయ్యిలో పెట్టడంతో ముగిసింది. బ్రిటిష్ వాళ్ళు వచ్చి ఇళ్ళు వెతుకుతారని తండ్రి భయం. చొక్కా కాలింది, ప్యాంటు కాలింది, బూట్లు కాలక కంపు కొట్టాయట, వాటిని రాత్రివేళ కాలువలో వేశారు.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పాలి, ఎందుకంటే మన సభల్లో దీన్ని ఎవరూ ఎత్తరు. ఆ యుద్ధంలో రాణీలకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది స్త్రీలు ఇండియాలోనే, బ్రిటిష్ పక్షాన సైన్యంలో పనిచేశారు. 1942లో విమెన్స్ ఆగ్జిలరీ కోర్ అనే మహిళా సహాయక దళం ఏర్పడింది, యుద్ధం ముగిసేనాటికి 11,500 మంది దాకా చేరారు. మొదట పద్దెనిమిదేళ్ళు నిండాలన్నారు, మనుషులు చాలక ఆ డిసెంబరులోనే పదిహేడుకు దించారు. వాళ్ళలో పెద్ద భాగం ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు. టైపు కొట్టడం, టెలిఫోన్ స్విచ్‌బోర్డు, గుమాస్తా పని, విమానాశ్రయాల్లో సమాచారం అందించడం వాళ్ళ పనులు. ఖాకీ చీర కట్టుకుని కవాతు చేసినవాళ్ళు ఉన్నారు. 1944లో నౌకాదళానికి కూడా విడిగా మహిళా విభాగం వచ్చింది, అందులో అధికారిణి కల్యాణీ సేన్ 1945లో చీరలోనే బ్రిటన్ వెళ్ళి అక్కడి నౌకాదళ స్థావరాలు చూసి వచ్చింది. తెల్లవాడి జీతం తీసుకున్నారు కాబట్టి వీళ్ళను స్వాతంత్ర్య కథలో ఎక్కడ కూర్చోబెట్టాలో మనకు తోచలేదు, కాబట్టి వదిలేశాం. నాకిది సరైన పని అనిపించదు. రాత్రి షిఫ్టులో స్విచ్‌బోర్డు ముందు చెవులు హోరెత్తేదాకా కూర్చున్న పిల్ల, రంగూన్ వార్డులో బకెట్లు మోసిన పిల్ల, ఇద్దరూ జీవితంలో మొదటిసారి తమ పేరు ఒక రిజిస్టరులో, తండ్రి పేరో భర్త పేరో కాక తమ పని పక్కన రాసి ఉండగా చూసుకున్నవాళ్ళు. జెండాలు వేరు, ఆ రిజిస్టరు ముందు నిలబడడం ఒకటే.

1946లో చిన్నమ్మమ్మ ఓడలో కాకినాడ దిగింది. జుట్టు అప్పటికి భుజాల దాకా పెరిగింది. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు సైన్యం మాట ఎత్తవద్దని ఇంటిల్లిపాదీ ఒట్టు పెట్టించుకున్నారు, ఎందుకంటే మగవాళ్ళ మధ్య ఉండి వచ్చిన పిల్ల అని తెలిస్తే సంబంధం నిలవదు. భర్తకు ఆ సంగతి తెలిసింది పెళ్ళైన పదకొండేళ్ళకు. అప్పుడాయన "చెబితే నేనేమైనా కాదనేవాణ్ణా" అన్నాడట. కాదనేవాడే అని చిన్నమ్మమ్మ అభిప్రాయం. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం వచ్చినప్పుడు, అప్పటికే వితంతువైన ఆవిడను నేనే, పద్నాలుగేళ్ళ పిల్లను, ఒక కార్యాలయానికి తీసుకువెళ్ళాను. ఆధారం చూపమన్నారు. కాగితాలన్నీ బట్టలతో పాటు పొయ్యిలో కాలిపోయాయని చెబితే, అక్కడి గుమాస్తా, "మరి మీరు ఫౌజులో ఉన్నట్టు మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. ఆవిడ లేచి నిలబడింది. సావధాన్‌లో నిలబడింది. నలభై ఆరేళ్ళ మనిషి, నేత చీరలో, చేతులు పక్కకు దించి, మడమలు కలిపి, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ ఒక నిమిషం అలా నిలబడి, చెప్పులేసుకుని బయటికి వచ్చేసింది. దారిపొడవునా నాతో మాట్లాడలేదు. పింఛను రాలేదు.

సైన్యం నుంచి ఆవిడ దగ్గర మిగిలిన వస్తువు ఒక్కటీ లేదు. మిగిలినవి అలవాట్లే. పొద్దున లేవగానే దుప్పటి మడిచే తీరు ఒకటి ఉండేది, నాలుగు మూలలూ లోపలికి వచ్చేలా మడిచి, పైన అరచేతితో గట్టిగా ఒక దెబ్బ కొట్టి, తలగడ దాని మీద సరిగ్గా నడిమధ్యన పెట్టేది. నేను మడిస్తే విప్పేసి మళ్ళీ మడవమనేది. గోదావరి వరద వచ్చి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు చేరిన ఏడు, అందరం అటకెక్కి బియ్యం డబ్బాలు, పెట్టెలు అందుకుంటుంటే, ఆవిడ మాత్రం ముందు పక్కలన్నీ మడిచింది. నీళ్ళలో నిలబడి మడిచింది. ఎందుకు పిన్నీ అని మా అమ్మ విసుక్కుంటే, "ఎక్కడికి పోవాలన్నా పక్క చుట్టి ఉండాలి కదే" అన్నది.

ఇక ఈ సభకు నేను వచ్చిన అసలు పని చెబుతాను. తాళ్ళరేవు, కోరంగి, యానాం వైపు, కోనసీమలో, నరసాపురం వైపు రంగూన్ వెళ్ళివచ్చిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. చాలా ఇళ్ళలో అటక మీద 'రంగూన్ పెట్టె' అని పిలిచే టేకు పెట్టె ఒకటి ఉంటుంది. అందులో పట్టు లుంగీలు, లక్క డబ్బాలు ఉంటాయని అందరికీ తెలుసు. వాటి అడుగున ఉండే కాగితాలు ఎవరూ చూడరు. ఓడ టిక్కెట్టు, మేస్త్రీ అప్పు కాగితం, పొట్టి జుట్టుతో ఉన్న ఎవరో అమ్మాయి ఫొటో, ఇంగ్లీషు అక్షరాల్లో హిందుస్తానీ రాసిన నోటుబుక్కు, ఏదైనా సరే, ఈ గ్రంథాలయానికి తీసుకురండి. ఇక్కడ స్కానరు ఉంది, అసలు కాగితం వెంటనే మీ చేతికే తిరిగి ఇచ్చేస్తారు. ఫొటో వెనక పేరు లేకపోతే, ఇంట్లో పెద్దవాళ్ళు బతికి ఉండగానే అడిగి పెన్సిలుతో రాయండి, పెన్నుతో రాస్తే ముందు వైపుకు ఇంకు దిగుతుంది. మంగళవారం తప్ప రోజూ పదింటి నుంచి నేను రీడింగ్ రూములో ఉంటాను.